వేగం మించితే రైలు దానంతటదే ఆగాలి, సరే. ఆ యంత్రాన్ని పక్కన పెట్టే స్విచ్ ఉండాలా?

పట్టాల పిచ్చోడు:
మన రైళ్లు గుద్దుకోకుండా ఆపే కవచ్ అనే సిస్టమ్ గురించి తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. పట్టాల మధ్య స్లీపర్లకు ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు (రేడియోతో చదవగలిగే చిన్న గుర్తులు) బిగిస్తారు. ఇంజిన్ వాటి మీదుగా పోతూ తానెక్కడుందో చదువుకుంటుంది. సిగ్నల్ సంగతి స్టేషన్ నుంచి రేడియోలో అందుతుంది. ఎర్ర సిగ్నల్ దాటబోయినా, వేగం మించినా కవచ్ లోకో పైలట్‌ను, అంటే ఇంజిన్ డ్రైవర్‌ను హెచ్చరిస్తుంది, ఆయన పట్టించుకోకపోతే తనే బ్రేకు వేస్తుంది. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఎక్కిన ఇంజిన్ ఎదుటి ఇంజిన్‌కు 380 మీటర్ల ముందే ఇలా ఆగిపోయింది. అయితే ఇందులో ఐసోలేషన్ మోడ్ అని ఒకటుంది. అంటే కవచ్‌ను పక్కన పెట్టి కూడా బండి నడపొచ్చు. అది ఉండాలా, వద్దా?

గవర్నర్:
వద్దంటే వద్దు. 1997లో ఇంగ్లండ్‌లోని సౌతాల్ దగ్గర ఏం జరిగింది? బండిలో ఆటోమేటిక్‌గా ఆపే సిస్టమ్ ఉంది, కానీ ఆన్ చేయలేదు. హెచ్చరించే ఇంకో సిస్టమ్ పాడైతే దాన్నీ ఐసోలేట్ చేశారు. ఎర్ర సిగ్నల్ దాటి గూడ్సును గుద్దింది. ఏడుగురు పోయారు. స్విచ్ అంటూ ఉంటే ఎవడో ఒకడు నొక్కుతాడు.

ఎర్రదీపం:
ఒడిశాలో బాలాసోర్ దగ్గర జరిగిన రైలు ప్రమాదం కవచ్ ఉంటే ఆగేదా? ముందు దానికి జవాబు చెప్పండి.

క్రేన్ బాబాయ్:
గవర్నర్ బాబూ, యంత్రం పాడై నడి అడవిలో బండి నిలిచిపోతే ఏం చేస్తావు? వెనక పది బళ్లు ఆగుతాయి. దిగి తోస్తావా? ముప్పై ఏళ్లు ఓ ఫ్యాక్టరీలో ఓవర్‌హెడ్ క్రేన్ నడిపాను. హుక్కు మరీ పైకి పోతే మోటారు ఆపడానికి లిమిట్ స్విచ్ ఉంటుంది. అది పడినప్పుడల్లా షిఫ్టు పుస్తకంలో రాయాలి. రాస్తే మర్నాడు మెమో. మూడు మెమోలైతే ఇంక్రిమెంట్ కట్. దాంతో మావాళ్లు ఆ స్విచ్ లివర్‌ను బైండింగ్ వైరుతో కట్టేశారు. ఓ రాత్రి తాడు తెగి హుక్కు బ్లాక్ నాకు మూడడుగుల ముందు పడింది. సిమెంటు లేచిపోయి గుంట పడింది. ఇప్పటికీ పైన ఏదైనా చప్పుడైతే తల వంగిపోతుంది నాకు.

గవర్నర్:
మీ కథ నా వైపే మాట్లాడుతోంది కదా బాబాయ్! స్విచ్‌ను కట్టేస్తే ఏమవుతుందో మీరే చెప్పారు.

క్రేన్ బాబాయ్:
సరిగ్గా చదువు నాయనా. వైరు ఎందుకు కట్టారో చదువు.

ఎర్రదీపం:
బాలాసోర్?

పట్టాల పిచ్చోడు:
ఎర్రదీపం గారూ, చెప్తాను. 2023 జూన్ 2న అక్కడ కోరమండల్ ఎక్స్‌ప్రెస్ డ్రైవర్ తప్పేమీ చేయలేదు. ఆయనకు పచ్చ సిగ్నలే పడింది. బహనాగా బజార్ దగ్గర వైరింగ్ పొరపాటు వల్ల సిగ్నల్ మెయిన్ లైన్‌కు, బండిని పట్టా మార్చే పాయింట్లు పక్కనుండే లూప్ లైన్‌కు ఉన్నాయి. సిగ్నళ్లూ పాయింట్లూ ఒకదానికొకటి పొసగేలా చూసేది ఇంటర్‌లాకింగ్. కవచ్ కూడా అది చెప్పిందే నమ్ముతుంది. అది అబద్ధం చెబితే కవచ్‌కూ పచ్చే. అదే ఏడాది అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజర్‌ను రాయగడ ప్యాసింజర్ వెనక నుంచి గుద్దింది, 14 మంది పోయారు. కవచ్ పనికొచ్చేది అలాంటిచోట. అక్కడ అది లేదు. 2024 నాటికి దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్లకు వేశారు, కంటకాపల్లి ఆ జోన్‌లోకి రాదు.

ఎర్రదీపం:
అంటే ఆగేది కాదు. అదే నేనూ అన్నది.

మౌనముని:
మీరు అన్నది ప్రశ్న, జవాబు కాదు 😀

గవర్నర్:
జపాన్‌లో అమగాసాకి, 2005 ఏప్రిల్ 25. గంటకు 70 కిలోమీటర్లు దాటకూడని మలుపులో డ్రైవర్ 116తో పోనిచ్చాడు. 107 మంది పోయారు. వేగం చూసి ఆపే సిస్టమ్ ఆ మలుపులో ఇంకా పెట్టలేదు. ఉండి ఉంటే ఆగేది. ఇంకా వాదన ఏముంది?

క్రేన్ బాబాయ్:
ఆ కుర్రాడు అంత వేగంగా ఎందుకు పోనిచ్చాడో కూడా రాయవయ్యా. అంతకుముందు స్టేషన్లో ప్లాట్‌ఫాం దాటి ఆపాడు, తొంభై సెకన్లు లేటు. అక్కడ లేటైతే 'శిక్షణ' పేరుతో తిట్లు, అవమానం. ఆ భయంతో ఉన్నవాడికి బ్రేకు గుర్తుంటుందా? నీకు యంత్రమే కనిపిస్తోంది, వాడి వయసు 23 అని కనిపించట్లేదు.

గవర్నర్:
నాకు కనిపించట్లేదా? నా కాల్లో స్టీలు రాడ్డు ఉంది. రాత్రి బస్సు. వేగం మించకుండా చూసే స్పీడ్ గవర్నర్ వైరును డ్రైవర్ పీకేశాడు. ఏ వేగంతో గుద్దాడో రికార్డు లేదు కాబట్టి కేసులో "నిదానంగానే వచ్చాను" అన్నాడు. ఓనర్ తలూపాడు. నేను ఓడిపోయాను. ఇప్పుడు మీరొచ్చి డ్రైవర్ మీద జాలి చూపించమంటారా? సిగ్గుండాలి.

మౌనముని:
ఇద్దరూ రైలు దిగిపోయారు. ఒకరు క్రేన్, ఒకరు బస్సు.

క్రేన్ బాబాయ్:
సిగ్గు మాట వెనక్కి తీసుకో. కాలు సంగతికి మాత్రం బాధగా ఉంది. ఆ డ్రైవర్ వైరు ఎందుకు పీకాడట?

గవర్నర్:
తెల్లారి అయిదుకల్లా చేరకపోతే ఓనర్ జీతంలో కోస్తాడట. కోర్టులో అదీ చెప్పలేదు. బయట టీ కొట్టు దగ్గర చెప్పాడు. మాట వెనక్కి తీసుకుంటున్నా బాబాయ్. రికార్డు విషయంలో మాత్రం తగ్గను. నాలాంటివాడికి అదొక్కటే సాక్ష్యం.

క్రేన్ బాబాయ్:
నేను స్విచ్ అంటున్నాను, నువ్వు రికార్డు అంటున్నావు. ఇదేదో మొదటే చెప్పి ఉంటే సరిపోయేది. రికార్డు ఉండనీ. బ్రేకు పడిన ప్రతిసారీ అది మెమో కాకూడదు, అంతే. గుద్దినప్పుడు తీసి చూడండి. గుద్దకుండా ఆగినప్పుడు కూడా సంజాయిషీ అడిగితే జనం మళ్లీ వైరే వెతుక్కుంటారు.

గవర్నర్:
గుద్దే వరకు ఎవరూ చూడకూడదంటే నేను ఒప్పుకోను. వాడు అంతకుముందు ఎన్నిసార్లు మించాడో కూడా తెలియాలి.

క్రేన్ బాబాయ్:
తెలియాలి, కానీ ఎవరికి? మా ఫ్యాక్టరీలో ఆ పుస్తకం ఫోర్‌మన్ టేబుల్ సొరుగులో ఉండేది. తాళం ఆయన దగ్గరే.

ఎర్రదీపం:
కిలోమీటరుకు సుమారు 50 లక్షలు పెట్టి వేస్తున్నారు, బాలాసోర్‌లో మాత్రం ఆగదంట!