సమస్యాపూరణం: "తప్పు వ్రాసినవాడె పో గొప్ప సుకవి"

నిర్వాహకులు:
నిన్న రాత్రి పాత పూరణలు తిరగేస్తుంటే ఒక సంగతి కనిపించి నవ్వొచ్చింది. ఇవాళ యతిభంగం (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత అక్షరం కుదరకపోవడం) దొరికితే చాలు కత్తి దూసేవాళ్ళున్నారే, వాళ్ళ తొలి పూరణల కింద కూడా ఎవరో ఒకరు కత్తి దూసే ఉన్నారు. పేర్లు చెప్పను, ఎవరికి వాళ్ళకి తెలుసు. ఆ నవ్వులోంచి పుట్టిన పాదం ఇది. పైన మూడు పాదాలు చేర్చి దీన్ని పద్యంగా పూర్తిచేయడమే పూరణ:

*తప్పు వ్రాసినవాడె పో గొప్ప సుకవి*

ఆదివారం రాత్రి దాకా పూరణలు పెట్టవచ్చు. ఈసారి అరసున్నల గొడవ వద్దని మనవి. పోయిన వారం పద్యాల కన్నా వాటి మీద చర్చే ఎక్కువైంది.

అప్పకవి దాసుడు:
అరసున్నది గొడవ కాదు, ఆచారం. సరే, నిర్వాహకుల మాట కాదనను. ప్రాసయతి బాగానే కుదిరింది, "తప్పు"లో "ప్పు"కి "గొప్ప"లో "ప్ప" జత. "సుకవి"లో "సు" ఉండగా ముందు "గొప్ప" దండగ. పాదం ఇచ్చినవారిదే ఆ భారం, పూరించేవారిది కాదు కాబట్టి వదిలేస్తున్నాను.

కొత్తచిగురు:
అందరికీ నమస్కారమండీ. "తప్పు వ్రాసిన"లో "వ్రా" ముందున్న "పు" గురువు (బరువుగా పలికే అక్షరం) అయిపోదా? నా ఫోన్లో గణాలు (గురులఘువుల గుంపులు) చూసే యాప్ ఎర్ర గీత పెట్టింది.

గోదారిగట్టు:
అవదమ్మా. వేరే పదం, పైగా తెలుగు పదం. రెండింటి మధ్య ఖాళీ వదిలి మళ్ళీ పెట్టి చూడు. అసలు యాప్ పక్కన పెట్టి రెండుసార్లు గట్టిగా చదువు, చెవికి తెలిసిపోతుంది. బోణీ నాదే:

*మొదట రాసిన పద్దెమ్ము ముక్కలయ్యె*
*పెద్దలెల్లరు దిద్దిరి ప్రేమతోడ*
*దిద్దినవి చూచి నేర్చుచు దినదినమ్ము*
*తప్పు వ్రాసినవాడె పో గొప్ప సుకవి*

అప్పకవి దాసుడు:
మొదటి పాదంలో "రాసిన", నాలుగో పాదంలో "వ్రాసిన". ఒకే పద్యంలో ఒకే క్రియకు రెండు వేషాలా? "దిద్దిరి" అన్న వెంటనే "దిద్దినవి". ఇక భావం అంటారా, నిర్వాహకులు పైన వచనంలో చెప్పిందే పద్యంలో చెప్పారు. విరుపు లేదు. పూరణ అంటే పాదంలో ఉన్న ముడి విప్పాలి. మీరు ముడిని అలాగే ఉంచి పక్కన దండ వేశారు.

గోదారిగట్టు:
"వ్రాసిన" అని మార్చాను, గణం చెడదు. దండ మాట ఒప్పుకోను. పోయిన వారం "గురుమాట" అని సమాసం చేసిన వారికి ముడుల సంగతి ఎలా తెలుస్తుందో!

అప్పకవి దాసుడు:
అది నా పద్యం కాదు. సరళాదేశం గారిది.

సరళాదేశం:
నన్నెందుకు లాగుతారండీ మధ్యలోకి? సంస్కృత పదానికి తెలుగు పదం అతికించాను, వైరి సమాసం అని మీరు చెప్పగానే "గురుని మాట" అని దిద్దుకున్నాను కదా. దిద్దిన పద్యం ఎవరూ చదవరు, తప్పు మాత్రం అందరికీ కంఠస్థం.

పాలమూరు పిల్లగాడు:
అందరికి దండాలు. నాది తాళపత్రాల కాలం కథ. కవి ఒకటి చెప్తుంటె రాసేటాయన ఇంకోటి రాసిండు. తీరా చూస్తె ఆ రాసిందే మంచిగున్నదని సభల అందరు మెచ్చుకున్నరు.

*కవి యొకండు చెప్పగ నొక లేఖకుండు*
*వినిన దొక్కటి యాకున వేసె నొకటి*
*సభను మెచ్చిరి పండితుల్ చదివినంత*
*తప్పు వ్రాసినవాడె పో గొప్ప సుకవి*

సరళాదేశం:
అబ్బా! ఇదీ ముడి విప్పడమంటే. మన కావ్యాల్లో పాఠభేదాల మీద పండితులు ఎంత కొట్టుకున్నారో తలుచుకుంటే ఈ పద్యంలో హాస్యం కన్నా నిజమే ఎక్కువ. "ఆకున వేసె" భలే పడింది.

డల్లాస్ బాబాయి:
వహ్వా తమ్ముడూ! ఈ వారం పల్లకీ నీదే.

అప్పకవి దాసుడు:
పల్లకీ దింపండి. మొదటి పాదంలో "క"కీ "లే"కీ ఏ చుట్టరికం? ఊహ బాగుంది, రెండో పాదం నిజంగా బాగుంది. అందుకే వదలబుద్ధి కావడం లేదు. "లేఖకుండు" తీసేసి "కరణమయ్య" పెట్టి చదవండి.

*కవి యొకండు చెప్పగ నొక కరణమయ్య*

పాలమూరు పిల్లగాడు:
అరె! యతి కుదిరింది, నవ్వు గూడ వచ్చింది. కరణం లెక్క తప్పు రాసేటోడు ఎవడుంటడు సార్! మా దిక్కు పట్వారీ అంటరు, మా తాత అదే పని చేసిండు. "పట్వారి" అని పెడదామనిపించింది గాని "క"తోటి కలవది. మీరు చెప్పిందే ఉంచుతున్న.

గోదారిగట్టు:
దాసుడుగారు ఒకరి పద్యానికి మేలు చేయడం నేను ఇదే చూడటం. తేదీ రాసి పెట్టుకోండి అందరూ.

డల్లాస్ బాబాయి:
కరణాల ఉద్యోగాలు 1984లో ఊడాయి. మళ్ళీ ఇక్కడ వేసినందుకు దాసుడుగారికి వాళ్ళంతా రుణపడి ఉంటారు. మా ఊళ్ళో అయితే ఆ ఏడాది సగం మంది పండగ చేసుకున్నారు, సగం మంది దస్త్రాలు ఎక్కడ దాచారో వెతుక్కున్నారు. సరే, నా పూరణ. వాల్మీకి కన్నా గొప్ప ఉదాహరణ ఉంటుందా?

*రామ యనలేక మరమరా రాగ మెత్తి*
*పుట్టలో నుండి వెడలిన బోయవాడు*
*కావ్య మొనరించె జగమెల్ల కైత మెచ్చ*
*తప్పు వ్రాసినవాడె పో గొప్ప సుకవి*

అప్పకవి దాసుడు:
గణాలు సరే, యతులు సరే. కానీ బోయవాడు తప్పు పలికాడు, రాయలేదు. సమస్యలో ఉన్నది "వ్రాసిన". మీ పద్యం మూడు పాదాలు నడిచి నాలుగో పాదం గుమ్మం దగ్గర ఆగిపోయింది.

సరళాదేశం:
"మరమరా" దగ్గర నాకు బొరుగులు గుర్తొచ్చాయి బాబాయిగారూ, క్షమించాలి. ఉల్లిపాయ, నిమ్మకాయ కూడా పడ్డాయి.

డల్లాస్ బాబాయి:
ఇక్కడ బొరుగులు దొరకాలంటే ఇండియన్ స్టోరుకి ముప్పావుగంట కారు నడపాలి. నా బాధ మీకేం తెలుసు. ఆకాశవాణికి పోస్టుకార్డు మీద పూరణ రాసి, పేరు చదువుతారేమోనని రేడియో పక్కన కూర్చున్న రోజులు గుర్తొస్తున్నాయి. చదివితే ఆ వారమంతా వీధిలో మనమే కవులం. చదవకపోతే ఎందుకు చదవలేదో చెప్పేవాడు లేడు. ఇక్కడ కనీసం పుట్ట దగ్గరే పట్టుకుని కొడతారు.

సరళాదేశం:
నాది క్రమాలంకారం, పైన ప్రశ్నలు, చివరి పాదంలో వరసగా జవాబులు. ముందే చెప్పేస్తున్నాను, తిట్టేవారు వరసలో రండి.

*ఎఱ్ఱకలముతో దిద్దెడి దేది? కృతికి*
*కర్త యెవ్వడు? నన్నయ కవిని జగతి*
*నేమి యందురు? క్రమముగా నిత్తు వినుడు*
*తప్పు, వ్రాసినవాడె, పో గొప్ప సుకవి*

గోదారిగట్టు:
ఇరుకున పడితే క్రమాలంకారం! మూడు ప్రశ్నలు, మూడు జవాబులు. మధ్యలో ఆ "పో" ఏ ప్రశ్నకి జవాబు?

సరళాదేశం:
అది మీకు.

అప్పకవి దాసుడు:
"దిద్దెడిది, ఏది" సంధి మీద స్వరయతి (ఎ, ఏ జత) చక్కగా పడింది. జగతిన్, ఏమి అని పాదాల మధ్య విసంధి (సంధి చేయకుండా వదిలేయడం) రాకుండా చూసుకున్నారు. వారం క్రితం ఈ జాగ్రత్త మీలో లేదు. పద్యం మాత్రం పరీక్ష పేపరులా ఉంది.

వేకువ:
చాలా రోజుల తర్వాత వస్తున్నాను. పిల్లాడి పరీక్షలయ్యాయి, నా పరీక్ష మొదలు.

*కలము పట్టక యితరుల గణము లెంచి*
*యతులు తూచుచు గద్దెపై నధివసించు*
*వాడె సత్కవి యందురే? వలదు వలదు!*
*తప్పు! వ్రాసినవాడె పో గొప్ప సుకవి*

పాలమూరు పిల్లగాడు:
అక్కా!!! "తప్పు" దగ్గర ఇరగ్గొట్టినవ్ గద! నేను రెండుసార్లు చదివితే గాని ఎక్కలే. ఎక్కినంక కుర్చీల్నించి లేచిన.

గోదారిగట్టు:
కెవ్వు! ఇదమ్మా విరుపు. "తప్పు"ని పైవాక్యానికి అప్పగించేసి, మిగిలిన పాదాన్ని తిరుగులేని మాట చేసేసింది. "కుంజర యూథంబు దోమ కుత్తుకఁ జొచ్చెన్" (ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరింది) అనే పాత సమస్యని, పాండవులు విరాటుడి కొలువులో చేరడం అని తేల్చిన దారి ఒకటి. అక్కడ అర్థం మారింది. ఇక్కడ అక్షరం కదలకుండా, అర్థం మారకుండా, ఆగే చోటు మారింది. ఇంతకీ ఆ గద్దె ఎవరిదో మేమెవ్వరమూ అడగం.

డల్లాస్ బాబాయి:
నేను అడుగుతాను. గద్దె ఎవరిదమ్మా?

వేకువ:
కల్పితం బాబాయిగారూ. ఎవరినైనా పోలి ఉంటే యాదృచ్ఛికం.

సరళాదేశం:
వేకువ గారి తొలి పూరణ వెతికి చూశాను ఇప్పుడే. ఉత్పలమాలలో మూడో పాదానికి ఒక గణం ఎక్కువ, నాలుగో పాదానికి ఒకటి తక్కువ. "అప్పు ఇచ్చుకున్నాయి కాబోలు" అని దాసుడుగారు కింద రాశారు. ఈ విరుపుకి ఇంత ఆవేశం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది.

వేకువ:
ఆ వ్యాఖ్య చూసి ఏడ్చానండీ, దాచుకోవడం ఎందుకు. మూడు నెలలు ఈ గుమ్మం తొక్కలేదు. కానీ ఆ మూడు నెలలూ బస్సులో, వంటింట్లో వేళ్ళ మీద గణాలు లెక్కపెడుతూనే ఉన్నాను. ఆయనకి ఇంకో తప్పు దొరక్కూడదని. మెచ్చుకున్న వాళ్ళు ఏమన్నారో ఒక్క ముక్క గుర్తు లేదు.

గోదారిగట్టు:
పట్టుదల ఉండాలమ్మా. తిరుపతి వేంకట కవులకీ, కొప్పరపు కవులకీ నడిచిన వాదాల ముందు మనవి ఏపాటి! ఎదుటివాడు వింటున్నాడంటే పద్యం నడకే వేరు.

కొత్తచిగురు:
వేకువ గారూ, రెండో పాదంలో "య"కి "న" ఎలా కుదిరింది? ఇది కూడా యాప్ ఎర్రగా చూపిస్తోంది.

వేకువ:
అక్కడ ఉన్నది "గద్దెపైన్, అధివసించు" అమ్మా. "న"ని పక్కన పెట్టి "అ"ని చూడు. "య"కి "అ"తో మైత్రి ఉంది.

అప్పకవి దాసుడు:
అందరి ఉత్సాహం చల్లారాక రాద్దామని ఆగాను. యతులు చూశాను. య, అ సరే. వ, వ సరే. విరుపు సరే. ఒక్కటి మాత్రం సరికాదు. "అధి" ఉపసర్గ చేరాక వస ధాతువుకు ఆధారం కర్మ అవుతుంది. హరి వైకుంఠాన్ని అధివసిస్తాడు, వైకుంఠం పైన కాదు. "గద్దె నధివసించు" అనాలి. "అధి"లోనే పైన ఉండటం ఉంది, మళ్ళీ "పై" ఎందుకు?

గోదారిగట్టు:
పాణిని దాకా వెళ్ళారా పాపం ఆ గద్దె కాపాడుకోవడానికి! తెలుగులోకి వచ్చిన మాటకి తెలుగు విభక్తి వేసుకోవచ్చు. ఈయన అవధానంలో, కవి చెప్పబోయే అక్షరాన్ని వాడొద్దని అడ్డుపడే నిషిద్ధాక్షరికి పృచ్ఛకుడిగా కూర్చోవాల్సిన మనిషి.

వేకువ:
లేదు గోదారిగట్టు గారూ, ఆయన చెప్పింది నిజమే. "గద్దెపై" వదులుకోవడం నాకు ఇష్టం లేదు కాబట్టి క్రియ మారుస్తున్నాను. దాసుడుగారు అధివసించవద్దన్నారు కనక:

*యతులు తూచుచు గద్దెపై నతిశయించు*

పాలమూరు పిల్లగాడు:
అయ్యయ్యో, ముల్లు తీయమంటె ఇంక లోపలికి దింపింది అక్క!

సరళాదేశం:
ముందు కూర్చున్నాడు, ఇప్పుడు కూర్చుని మురిసిపోతున్నాడు. సవరణ వల్ల పద్యం బాగుపడిందనడానికి ఇంతకన్నా రుజువు లేదు. దాసుడుగారూ, మీ చేత్తో మీరే...

అప్పకవి దాసుడు:
"అతిశయించు" బాగుంది. మొదటే అది పడి ఉండాల్సింది. సరే.

డల్లాస్ బాబాయి:
విన్నారా? "సరే" రెండోసారి! ఆయన నోట "సరే" అంటే గజమాల అని లెక్క. వేకువమ్మా, ఆ మాటని ఫ్రేము కట్టించుకో.

వేకువ:
కట్టిస్తాను. కానీ దాసుడుగారూ, మీ పూరణ ఏది? ఎప్పుడూ మా పద్యాల కిందే చూస్తాం మిమ్మల్ని.

అప్పకవి దాసుడు:
పాలమూరు పిల్లగాడి పద్యంలో రెండు గణాలు నావి. మీ పద్యంలో ఒక క్రియ నా వల్ల మారింది. గోదారిగట్టు గారి పద్యంలో ఒక "వ్ర" నాది. కలిపి చూసుకోండి.

గోదారిగట్టు:
కరణం లెక్కలంటే ఇవే మరి.

నిర్వాహకులు:
గడువు ముగిసింది. ఈ వారం విరుపుకి వేకువ, ఊహకి పాలమూరు పిల్లగాడు. క్రమాలంకారాలకి బహుమతి ఉండదని సరళాదేశం గారికి మరోసారి మనవి. కొత్తచిగురు గారూ, వచ్చే వారం ప్రశ్నలతో పాటు పద్యం కూడా రావాలి. గణం తప్పినా పరవాలేదు, ఎవరు పట్టుకుంటారో మీకు తెలుసు.

వచ్చే వారానికి కందం:

*గడియారము వెనుక నడిచె కాలము నిలిచెన్*

పాలమూరు పిల్లగాడు:
డ ప్రాస! ప్రతి పాదంల రెండో అక్షరం డ. "పొడి", "తడి", "బడి" నాయి. ఎవరు ముట్టొద్దు.

అప్పకవి దాసుడు:
"వెనుక నడిచె" అంటే వెనక్కి నడిచిందనా, ఎవరి వెనకో నడిచిందనా? పాదం ఇచ్చినవారు ముందు అది తేల్చాలి.

సరళాదేశం:
తేల్చకండి! నా పూరణ అంతా దాని మీదే ఆధారపడి ఉంది.