ఇక్కత్ కుర్తా: నేతా, అచ్చా?

ప్రశ్న: దసరాకని కోఠీలో 400 రూపాయలకు కొన్న ఇక్కత్ కుర్తా అసలైన పోచంపల్లి నేతేనని దుకాణదారు నమ్మబలికారు గానీ, ఇంటికి వచ్చి తిరగేసి చూస్తే లోపలి వైపు రంగు వెలవెలబోయి ఉంది. మోసపోయానా?

జవాబు 1: అది అచ్చు గుడ్డే. ఇక్కత్‌లో నూలును ముందుగానే ముడులు కట్టి రంగులో ముంచి, ఆ తర్వాతే మగ్గానికి ఎక్కిస్తారు కనుక రెండు వైపులా రంగు ఒకేలా పలుకుతుంది. పువ్వు అంచు కూడా గీత గీసినట్టు కాక కాస్త చెదిరినట్టు ఉంటుంది. ఆ చెదురే నాకు ముద్దు.

జవాబు 2: ఈసారి కొనేటప్పుడు బిల్లు తప్పక అడగండి.

అడిగినవారు: ధన్యవాదాలు. దీన్ని ఇంట్లో తొడుక్కోవడానికి ఉంచుకుని, ఆదివారం పోచంపల్లికే వెళతాను.