చెవి ‘గుయ్‌మంటోంది’: ఇంతకీ అనేదెవరు?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. ఒక మాట దగ్గర ఇరుక్కుపోయాను. మా స్నేహితులు ఇరవై నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశారు. వినికిడి లేనివాళ్లూ చూసేలా, శబ్దాలతో సహా తెలుగు సబ్‌టైటిల్స్ నేను రాస్తున్నాను. కథ స్కిజోఫ్రీనియా, అంటే లేని గొంతులు వినిపించే మానసిక జబ్బు, ఉన్న ఒక కుర్రాడిది. డబ్బుల్లేవు కాబట్టి ఒకటే గది, ఇద్దరే నటులు. వాడి లోపల జరిగేదంతా సౌండ్‌తోనే నడిపించారు. ఫ్రిజ్ మోత మొదలవుతుంది, పెరుగుతుంది, పోనుపోను అందులోంచి ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మాటలు మాత్రం అందవు. దీనికి నేను ‘హోరు’ అని రాశాను. డైరెక్టర్ ‘రొద’ అంటున్నాడు. ఎడిటరమ్మ ‘కర్ణనాదం’ పెట్టమంటోంది. ఏది సరి?

జవాబు:
హోరు బయటిది, పెద్దది. సముద్రపు హోరు, గాలివాన హోరు. ఫ్రిజ్‌కి అంత సీను లేదు నాయనా. రొదలో విసుగు కలిసి ఉంటుంది. ‘ఏమిట్రా ఈ రొద’ అని కసురుకుంటాం. మీవాడు విసుక్కోవడం లేదు, చెవి ఒగ్గి వింటున్నాడు. ఇక కర్ణనాదం. సుశ్రుతుడు చెప్పిన 28 చెవి రోగాల్లో అదొకటి. భేరి, మృదంగం, శంఖం మోగినట్టుంటే కర్ణనాదం, వేణువు ఊదినట్టుంటే కర్ణక్ష్వేడం. చక్కటి మాటలే, కానీ అవి చెవి జబ్బులు. మీ కుర్రాడి చెవి బాగానే ఉంది, ఫ్రిజ్ కూడా నిజంగానే మోగుతోంది.

జవాబు:
మాస్టారు అన్న ఆ చివరి మాటే అసలు కిటుకు. నేను సౌండ్ రికార్డింగ్ చేస్తాను. లాడ్జ్ కెరిగన్ మొదటి సినిమా ‘క్లీన్, షేవెన్’, 1993, దొరికితే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. అందులో పీటర్ అనే అతనికి తన తలలో రిసీవర్, వేలిలో ట్రాన్స్‌మిటర్ పెట్టారని నమ్మకం. దానికి గ్రాఫిక్స్ ఏమీ లేవు. రేడియో స్టేషన్ల మధ్య వచ్చే గరగర, కరెంటు తీగల మోత, తెగిపోయే గొంతులు, అంతే. ఏది కారు రేడియో, ఏది అతని తల అన్నది మనకీ తేలదు. మన సినిమాల్లో అయితే ఎకో పెట్టిన నవ్వు ఒకటి వేస్తారు, అయిపోయింది! చిన్న సినిమాకి వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ చాలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక అది దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. దాన్ని కాస్త వంచితే గొంతులా వినిపిస్తుంది. కానీ తెలుగులో దాన్ని ఏమంటారో నాకూ తెలియదు. మేం ‘హమ్’ అంటాం.

జవాబు:
గుయ్‌మనడం. మీరందరూ నామవాచకం వెతుకుతున్నారు, తెలుగు ఇక్కడ క్రియతో పని చేస్తుంది. గుయ్‌మంది, ఠపీమంది, భళ్లుమంది. ఆ ‘మంది’లో ఉన్నది ‘అంది’. మనిషి మాట్లాడటానికి వాడే ‘అను’ క్రియే. మన భాషలో చప్పుళ్లు కూడా ‘అంటాయి’. ఇంకో సంగతి చూడండి. పన్ను జివ్వుమంటుంది, ఎండ చురుక్కుమంటుంది, మనసు చివుక్కుమంటుంది. వీటిలో ఏదీ చెవికి వినపడదు. ఇల్లు బావురుమంటోంది అంటే ఆ ఇంట్లో ఏ అలికిడీ లేదని. నిశ్శబ్దాన్ని ఏడుపు చప్పుడుతో చెప్పాం! సౌండ్‌వాళ్లు మైకులు పట్టుకుని చేస్తున్న పని మన ఇళ్లలో ఆడవాళ్లు ఎప్పటినుంచో నోటితోనే చేస్తున్నారు.

ప్రశ్న అడిగిన నేనే:
మాస్టారూ, బాగుంది. కానీ తెర మీద ‘గుయ్’ అని పడితే పిల్లల బొమ్మల కథలా ఉండదా? జనం నవ్వుతారేమోనని టెన్షన్.

జవాబు:
‘గుయ్’ అని విడిగా వేస్తే నవ్వుతారు. ‘ఫ్రిజ్ గుయ్‌మంటోంది’ అంటే నవ్వరు.

జవాబు:
నేను ఎప్పుడూ ఇక్కడ రాయను, చదివి వెళ్లిపోతాను. మా తమ్ముడికి ఈ జబ్బు ఉంది. ఇప్పుడు మందులతో నయంగా ఉన్నాడు. అప్పట్లో వాడు ‘శబ్దం వస్తోంది’ అని ఒక్కసారి కూడా అనలేదు. ‘అంటున్నారక్కా’ అనేవాడు. ఎవర్రా అంటే చెప్పేవాడు కాదు. ఏమంటున్నారు అంటే తల దించుకునేవాడు. ‘అంటున్నారు’, అంతే.

ప్రశ్న అడిగిన నేనే:
అక్కా, ఆ మాట తీసుకోవచ్చా? రాత్రి కూర్చుని ఆ సీను మళ్లీ రాశాను. నాలుగు కార్డులు.
‘ఫ్రిజ్ గుయ్‌మంటోంది.’
‘గుయ్‌మంటోంది.’
‘అంటోంది.’
‘అంటున్నారు.’

జవాబు:
తీసుకో తమ్ముడూ. మావాడికి చూపించాను. నాలుగో కార్డు ఇంకాస్త ముందే పడాలన్నాడు.