మాటు వేశారా, మాటు కాశారా?

ప్రశ్న (అమలాపురం నుంచి ఒక సభ్యుడు):

పిల్లల కోసం ఒక సాహసకథ రాస్తున్నాను. కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) ఓడలు వరుసగా సాగుతుంటాయి. వాటిలో ఒకదానిలో ఓడదొంగల జతగాడు సంకెళ్లతో బందీగా ఉంటాడు. మిగిలినవారు అకస్మాత్తుగా మీద పడి అతణ్ణి తీసుకుపోతారు. ఆ ఘట్టాన్ని నేను ఇలా రాశాను: “నడిసముద్రంలో ఓడదొంగలు కుంఫిణీ కాన్వాయ్‌పై మాటు వేసి తమ సహచరుణ్ణి విడుదల చేశారు.” చదివిన పెద్దలొకరు వాక్యం అతకలేదన్నారు గానీ, ఎక్కడ అతకలేదో చెప్పలేదు. దయచేసి వివరించగలరు.

సమాధానం (యానాం నుంచి ఒక సభ్యుడు):

మాటు అంటే మరుగు. చెట్టో, గోడో, గుట్టో, రెల్లుపొదో అడ్డంగా ఉంటేనే దాని వెనుక మాటు ఏర్పడుతుంది. నడిసముద్రంలో అటువంటి అడ్డమేదీ ఉండదు కనుక, ఆ ఓడ దేని వెనుక దాగి ఉన్నదా అని పాఠకుడు వెతుక్కుంటాడు. చాటుకు కూడా మరుగు అనే అర్థమే ఉన్నా, చాటున ఉన్నవాడు ఎవరికోసమో కాచుకొని ఉండనక్కరలేదు. తల్లిచాటు బిడ్డ అంటాము గానీ తల్లిమాటు బిడ్డ అనము. మాటులో నిరీక్షణ ఉంది, మీద పడాలనే ఉద్దేశం ఉంది. అందుకే ‘ఓడలపై మాటు వేయడం’ కూడా కుదరదు. దాడి ఒకరిపై జరుగుతుంది. మాటు మాత్రం ఒకరి కోసం వేస్తారు.

కథ నడిసముద్రంలోనే జరగాలంటే మాటును వదిలి, వేరే దేశపు జెండా ఎగరేసి దగ్గరకు వచ్చారనో, చీకట్లో చుట్టుముట్టారనో రాయండి. పరాయి జెండాతో మోసగించడం ఆనాటి సముద్రయుద్ధాల్లో మామూలే. అయితే నా మాట వింటే ఘట్టాన్ని మన తీరానికే తీసుకురండి. కోరంగి, ఇంజరం, నరసాపురం దగ్గరి మాధవాయపాలెం, బండమూర్లంక ఇంగ్లీషువారి వర్తక స్థావరాలు. యానాం పరాసులది (ఫ్రెంచివారిది), పాలకొల్లు ఒలందాలది (డచ్చివారిది). గోదావరి మేట వేసే ఈ తీరంలో లోతు తక్కువ కనుక, పెద్ద ఓడలు దూరాన లంగరు వేసుకుంటే సరకునూ మనుషులనూ చిన్న పడవలు చేరవేసేవి. బందీని ఓడ ఎక్కించాలన్నా అటువంటి పడవలోనే తీసుకుపోవాలి. కోరంగి మడ అడవిలోని పాయల్లోకి పెద్ద ఓడ రాలేదు గానీ, పది పడవలు దాగితే బయటివాడికి తెలియదు. మాటు అన్న మాటకు అంతకన్నా తగిన చోటు నాకు తోచడం లేదు.

కాన్వాయ్ అనగానే నేటి పాఠకుడికి మంత్రిగారి కార్లూ సైరన్లూ కళ్ల ముందు కదులుతాయి. బిడారు మంచి మాటే గానీ నేల మీద సాగే వర్తకుల గుంపుకే నప్పుతుంది. మొదటిసారి ‘కావలి పడవల నడుమ సాగే సరకు పడవలు’ అని వర్ణించి, ఆ తరువాత ‘పడవల బారు’ అంటే సరిపోతుంది.

మరొక సభ్యుడు (భీమవరం నుంచి):

మాటు వేయడమంటే చిల్లుపడిన బిందెకు అతుకు వేయడం కదా. వీధుల్లో “మాట్లేస్తాం” అని కేకలు వేస్తూ తిరిగేవారిని మనలో చాలామంది చూసే ఉంటారు. పొంచి ఉండటానికి ‘మాటు కాయడం’ ఒక్కటే సరైన ప్రయోగమని నా అభిప్రాయం.

సమాధానం (యానాం నుంచి):

బిందెల మాటు ఉన్నమాట నిజమే. ‘ఒకమాటు’ అన్నప్పుడు అదే మాట సారి అన్న అర్థమూ ఇస్తుంది. అంతమాత్రాన ‘పోలీసులు మాటు వేసి పట్టుకున్నారు’ అన్న వాక్యం తప్పు కాదు. సందర్భం అర్థాన్ని తేలుస్తూనే ఉంది. పైగా ఈ రెండు క్రియల మధ్య పనికివచ్చే తేడా ఒకటి ఉంది. చోటు చూసుకొని మనుషులను నిలపడం మాటు వేయడం, ఆ తరువాత కదలకుండా గడిపే సమయమంతా మాటు కాయడం. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో అల్లూరి సీతారామరాజు దళం మాటు వేసి, ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనుక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే తెల్ల అధికారులను కాల్చింది. ముందువారిని పోనిచ్చిన ఆ ఓపికను చెప్పడానికి ‘మాటు వేయడం’ ఒక్కటీ చాలదు, ‘కాయడం’ కూడా కావాలి.

‘విడుదల చేశారు’ అన్నదే అన్నిటికన్నా పెద్ద పొరపాటని నాకు అనిపిస్తుంది. తాళం ఎవరి చేతిలో ఉందో వారే విడుదల చేయగలరు. ప్రభుత్వం విడుదల చేస్తుంది, న్యాయస్థానం విడుదలకు ఆదేశిస్తుంది. తనవాళ్లు వచ్చి విడిపిస్తారు. అదే సంవత్సరం ఆగస్టు 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణా మీద పడినప్పుడు, అక్కడ నిర్బంధంలో ఉన్న మొట్టడం వీరయ్యదొరను ఆ దళం విడిపించింది. అక్కడ ‘విడుదల చేసింది’ అని రాస్తే ఠాణావారే దయతలచి వదిలిపెట్టారేమో అనిపిస్తుంది. సీత చెర విడిపించడం వింటూ పెరిగిన పిల్లలకు ‘చెర విడిపించారు’ అన్నా చక్కగా అర్థమవుతుంది.

ఇక ‘ఓడదొంగ’ను ఎవరి నోట పలికిస్తున్నారో ఒకసారి చూసుకోండి. 1729లో మరణించిన కాన్హోజీ ఆంగ్రే మరాఠా నౌకాదళానికి అధిపతి. తన ఓడలను పట్టుకున్నాడు కనుక కుంఫిణీ అతణ్ణి దొంగ అన్నది. కుంఫిణీ దొర అనే చోట ‘దొంగలు’ ఉండనివ్వండి, కథకుడు చెప్పే చోట మాత్రం వారిని పేర్లతోనే పిలవవచ్చు.

ప్రశ్న అడిగిన సభ్యుడు:

ధన్యవాదాలండి. ఇప్పుడు ఇలా మార్చాను: “పోటు నీరు పాయల్లోకి ఎక్కే వేళకు వారు మడచెట్ల మాటున పడవలు నిలిపి, రాత్రంతా మాటు కాసి, ముందున్న కావలి పడవను పోనిచ్చి, రెండో పడవ మీద పడి తమ జతగాణ్ణి చెర విడిపించారు.”

సమాధానం (యానాం నుంచి):

భాష బాగుంది. అయితే మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. పోటు ఎక్కడానికి ఇంచుమించు ఆరు గంటలు పడుతుంది, నీరు తీయడానికీ అంతే. రాత్రంతా మాటు కాస్తే ఈలోగా నీరు తీసేసి వారి పడవలు బురదలో కూరుకుపోతాయి. ‘రాత్రంతా’ తీసివేసి ‘నీరు తీయడం మొదలయ్యేదాకా’ అని రాయండి. తిరుగుదారిలో ఆ తీసే నీరే వారి పడవలను మొగ వైపు, అంటే పాయ సముద్రంలో కలిసే చోటు వైపు, లాక్కుపోతుంది.