కబడ్డీ ఆడే పిల్లలకు పళ్ళు జివ్వుమంటున్నాయి, మౌత్‌గార్డ్ పెట్టొచ్చా?

చంద్రగిరి పీఈటీ:
హైస్కూల్ కబడ్డీ టీమ్, 13 నుంచి 16 ఏళ్ళ పిల్లలు 12 మంది. ముగ్గురికి చల్లనీళ్ళు తగిలితే పళ్ళు జివ్వుమంటున్నాయి. అందరికీ వేణ్ణీళ్ళలో ముంచి కొరికే రకం గార్డులు కొనాలని ఉంది. జివ్వుమనే పళ్ళ మీద పెట్టొచ్చా? ఒకడికి పళ్ళకు క్లిప్పులున్నాయి, వాడి సంగతేంటి? గ్రౌండ్‌లో పన్ను ఊడితే తిరుపతి చేరేదాకా ఏం చేయాలి? హాఫ్ టైమ్‌లో నిమ్మబద్దలు, గ్లూకోజ్ నీళ్ళు ఇస్తుంటాం, అది కూడా చెప్తున్నా.

తిరుపతి దంతవైద్యం:
సార్, మీరు చివర్లో చెప్పిన నిమ్మబద్ద గురించే ముందు మాట్లాడాలి. నిమ్మరసం పీహెచ్ 2కు కాస్త అటూ ఇటూ. పీహెచ్ 5.5 కంటే తగ్గితే పంటి పైపొర, అంటే ఎనామెల్, మెత్తబడి కరగడం మొదలవుతుంది. మామూలప్పుడు ఉమ్మి ఊరి ఆ పులుపును కడిగేస్తుంది. బద్ద చప్పరించి వెంటనే గార్డు పెట్టుకుంటే రసం పంటికీ గార్డుకీ మధ్య చిక్కుకుంటుంది, ఉమ్మి అక్కడికి పోదు. గ్లూకోజ్ నీళ్ళలోని చక్కెరదీ ఇదే కథ. హాఫ్ టైమ్‌లో ఉత్త మంచినీళ్ళు ఇవ్వండి. ఇంకేదైనా ఇచ్చారా, నోరు రెండుసార్లు పుక్కిలించి ఉమ్మాకే గార్డు.

గార్డు పెట్టడం వల్ల జివ్వుమనడం పెరగదు. కానీ కారణం తెలుసుకోకుండా కప్పేయొద్దు. పిల్లవాణ్ణి వెలుతుర్లోకి తీసుకొచ్చి పెదవి ఎత్తి చూడండి. ముందు పళ్ళ అంచులు పలచబడి అద్దంలా అవతలి వెలుగు కనిపిస్తుంటే అది పులుపు చేసిన పని. ఉప్పూకారం చల్లిన పచ్చి తోతాపురి ముక్కలు, నిమ్మ సోడా రోజూ తింటున్నాడా, తాగుతున్నాడా అడగండి. చిగురు పక్కన గోటికి తగిలేలా గాడి ఉంటే బ్రష్షు అడ్డంగా, గట్టిగా లాగి తోముతున్నట్టు. పైపొర పోయిన చోట లోపలి పొరలో సన్నని గొట్టాలు బయటపడతాయి. చల్లదనానికి వాటిలోని ద్రవం కదిలి నరాన్ని తాకుతుంది. జివ్వుమనేది అదే.

అయితే ఈ వయసులో చిగురు జరిగి వేరు బయటపడడం తక్కువ. నాలుగైదు పళ్ళు కాకుండా ఒక్క పన్నే జివ్వుమంటుంటే పుచ్చో, పగులో ఉండొచ్చు, పేస్టుతో కాలయాపన వద్దు. వేడి తగిలాక నొప్పి అర నిమిషం దాటి నిలిచినా, రాత్రి నిద్రలోంచి లేపినా, కొరికి వదిలేటప్పుడు సర్రుమన్నా అదే వారం చూపించండి.

మిగతావాళ్ళకు మెత్తని బ్రష్షు, 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు, రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు. తోమాక నురుగు ఉమ్మేయాలి గానీ నీళ్ళతో పుక్కిలించకూడదు, మందంతా కొట్టుకుపోతుంది. గుణం తెలియడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి ‘పనిచేయలేదు’ అని మానేసేవాళ్ళే ఎక్కువ. పులుపు తిన్న అరగంట దాకా తోమొద్దు, మెత్తబడ్డ పొర బ్రష్షుతో లేచిపోతుంది. బూడిద, ఉప్పు, గరుకు పళ్ళపొడి పూర్తిగా మాన్పించండి.

డెంటల్ ల్యాబ్:
గార్డు పై పళ్ళకే. నీళ్ళు తెర్లాక పొయ్యి ఆపి, ప్యాకెట్ మీద రాసినన్ని సెకన్లే ముంచాలి. ఎక్కువసేపు ఉంచితే ముద్దయిపోతుంది. గరిటెతో తీసి, ఒక్క సెకను చన్నీళ్ళకు చూపించి నోట్లో పెట్టాలి. మెల్లగా కొరికి, గాలి లోపలికి పీలుస్తూ, పెదవుల మీంచి వేళ్ళతో 20 సెకన్లు అదిమి పట్టాలి. తర్వాత చన్నీళ్ళలో వేయాలి.

అందరూ చేసే తప్పు, గట్టిగా కొరకడం. ముందు భాగం నలిగి పలచబడుతుంది, మోచేయి తగిలేది అక్కడే. ముందు పళ్ళ దగ్గర 3 మిల్లీమీటర్ల మందం మిగలాలి. వెలుతురుకు పట్టి చూస్తే పలచబడ్డ చోటు తెలిసిపోతుంది. నోరు తెరిస్తే జారి పడిపోయేది కూడా పనికిరాదు, మళ్ళీ ముంచి అచ్చు తీయండి. వాంతి వచ్చేట్టుంటే వెనక అంచు కొద్దికొద్దిగా కత్తిరించండి. పెదవి లోపల మధ్యలో ఉండే నరం లాంటి పొరకు ఒరుసుకుంటే అక్కడ చిన్న గాడి తీయాలి, లేకపోతే పుండు పడి పిల్లలు గార్డు జేబులో పెట్టుకుని ఆడతారు.

క్లిప్పుల పిల్లవాడికి మాత్రం ఈ రకం వద్దు. మెత్తబడ్డ గార్డు ప్లాస్టిక్, పళ్ళకు అతికించిన బ్రాకెట్ల చుట్టూ దిగి చల్లారితే తీసేటప్పుడు బ్రాకెట్ ఊడొస్తుంది. క్లిప్పుల కోసమే చేసే సిలికాన్ గార్డు తీసుకోండి, లేదా క్లిప్పులు వేసిన డాక్టర్ దగ్గరే బ్రాకెట్లను మైనంతో కప్పి అచ్చు తీయించండి.

ఆట అయ్యాక చన్నీళ్ళతో కడిగి, రంధ్రాలున్న డబ్బాలో పెట్టాలి. మన ఎండలకు బండి డిక్కీలో వదిలేస్తే సాయంత్రానికి ఆకారం మారిపోతుంది.

ఎమర్జెన్సీ డెస్క్:
ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు బయల్దేరడం మన వైపు అలవాటు. ఊడిన పన్నుకు అంత వ్యవధి లేదు. వేరుకు అంటుకున్న పలచటి పొరలోని కణాలు బయట ఆరిపోతూ ఉంటే అరగంట నుంచే చావడం మొదలు, గంట దాటితే ఆశ చాలా తక్కువ. పీలేరు వైపు గ్రౌండ్ అయితే భాకరాపేట ఘాట్ దిగి తిరుపతి చేరేసరికే ఆ గంట అయిపోతుంది. అందుకే పన్ను గ్రౌండ్‌లోనే వెనక్కి పెట్టాలి.

తెల్లగా కనిపించే భాగం పట్టుకోండి, వేరును ముట్టుకోవద్దు. మట్టి ఉంటే పాలతోనో సలైన్‌తోనో, అవి లేకపోతే కుళాయి కింద 10 సెకన్లు కడగండి. గుడ్డతో తుడవొద్దు, గీకొద్దు. పక్క పన్ను చూసి ముందూ వెనకా సరిచూసుకుని గుంతలోకి మెల్లగా నొక్కి, మడిచిన రుమాలు కొరికి పట్టమనండి. పెట్టడం కుదరకపోతే ప్యాకెట్ పాలలో వేసి తీసుకెళ్ళండి. టీకొట్టు మీద కాగే పాలు కాదు, మజ్జిగ కాదు. పాలు దొరక్కపోతే గిన్నెలో ఆ పిల్లవాడి ఉమ్మిలోనే ఉంచండి. మంచినీళ్ళలో మాత్రం వద్దు, కణాలు ఉబ్బి పగిలిపోతాయి.

తెలివి తప్పినా, వాంతులైనా, దవడ మూసుకోకపోయినా పన్ను సంగతి తర్వాత, ముందు తిరుపతి రుయా ఆసుపత్రి క్యాజువాల్టీ. పన్ను ఎంత వెతికినా దొరక్క, వాడు దగ్గుతున్నా అంతే, ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండొచ్చు. పన్ను నిలబడితే డాక్టర్ పక్క పళ్ళకు కలిపి సన్నని తీగతో రెండు వారాలు కట్టు వేస్తారు. ఆ రెండు వారాల్లోపే చాలామందికి రూట్ కెనాల్ మొదలుపెట్టాలి. నొప్పి లేదని వెళ్ళడం మానేస్తే వేరు లోపల కరిగిపోతుంది. టీటీ ఎప్పుడు వేశారో కూడా అడుగుతారు, కనుక్కుని వెళ్ళండి.

చంద్రగిరి పీఈటీ:
నిమ్మబద్దలు ఈ రోజు నుంచే బంద్. ఒక్క సందేహం మేడమ్. పన్ను ఊడకుండా చిగుట్లోకి దిగిపోతే బయటికి లాగొచ్చా?

ఎమర్జెన్సీ డెస్క్:
లాగొద్దు సార్, కదపొద్దు కూడా. బయటి నుంచి చల్లని గుడ్డ అదిమి అలాగే తీసుకెళ్ళండి. ముక్క విరిగితే ఆ ముక్క కూడా పాలలో వేసి తీసుకెళ్ళండి, చాలాసార్లు దాన్నే తిరిగి అతికిస్తారు.