అప్‌డేట్: ఓబర్లిన్ నల్లజాతి చరిత్ర టూర్, అమ్మాయి ప్రాజెక్టు

ఒహాయోలోని ఓబర్లిన్ ఊళ్లో నల్లజాతివారి చరిత్ర మీద మా అమ్మాయి, దాని క్లాస్‌మేట్లు నడక టూర్ తయారు చేస్తున్నారని, ఆగే చోట్లను సంవత్సరాల వరుసలో పెట్టాలా, నడిచే దారి వరుసలోనా అని అడిగాను కదా. ఎక్కువమంది దారి వరుసే అన్నారు. అదే చేశారు, బాగా కుదిరింది.

అందరూ ఎక్కువసేపు నిలబడింది ఈస్ట్ వైన్ వీధిలో, విల్సన్ బ్రూస్ ఎవాన్స్ ఇటుకల ఇంటి ముందు. ఆయన వడ్రంగి. 1858లో పారిపోయిన బానిసలను పట్టేవాళ్లు, అలా తప్పించుకొచ్చి ఇక్కడ ఉంటున్న జాన్ ప్రైస్‌ను పక్క ఊరు వెల్లింగ్టన్‌కు లాక్కెళ్తే, ఊరు ఊరంతా వెంటపడి విడిపించుకొచ్చింది. 37 మందిపై కేసులు పెట్టారు, ఎవాన్స్ కూడా జైలుకెళ్లాడు. ఆయన మేనల్లుడు జాన్ కోప్‌లాండ్‌ను మరుసటి ఏడాది హార్పర్స్ ఫెర్రీ దాడి (బానిసత్వాన్ని కూలదోయాలని జాన్ బ్రౌన్ ఆయుధాగారంపై చేసిన దాడి) కేసులో ఉరితీశారు. శవం కూడా తల్లిదండ్రులకు దక్కలేదు. ఆ వీధిలోనే మార్టిన్ లూథర్ కింగ్ పార్కులో అతని పేరున్న స్మారకం ఉంది. ఇది ఒకప్పుడు శ్మశానంలో ఉండేదట. పిల్లలు అక్కడ అతని గురించి చదువుతుంటే పెద్దవాళ్లెవరూ ఫోన్ తీయలేదు (మా ఆయన సహా, నమ్మండి!).

1862లో ఇక్కడి ఓబర్లిన్ కాలేజీలో బీఏ పట్టా అందుకున్న, అమెరికాలో ఆ పట్టా పొందిన మొదటి నల్లజాతి మహిళ మేరీ జేన్ ప్యాటర్సన్ గురించి ఆ కాలేజీ దగ్గర చెప్పారు.

క్యూఆర్ కోడ్ ఆలోచన మానేసి కాగితం మ్యాపే ఇచ్చారు. వెల్లింగ్టన్ నడిచే దూరం కాదు కాబట్టి, దానికి విడిగా కారు టూర్ రాస్తున్నారు.