డ్రాఫ్ట్ అయిన ఐస్ హాకీ ఆటగాడు అన్నేళ్లు ఎక్కడుంటాడు?

ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల పెద్ద ఐస్ హాకీ లీగ్) ఈమధ్యే చూడటం మొదలుపెట్టాను, ఆట కన్నా ఆటగాళ్ల కెరీర్ లెక్కలే బుర్ర తినేస్తున్నాయి. 18 ఏళ్లకే డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకునే పద్ధతి) తీసుకుంటారు, మూడేళ్ల ఎంట్రీ లెవెల్ కాంట్రాక్ట్ ఇస్తారు, తీరా చూస్తే ఆ కుర్రాడు ఏహెచ్‌ఎల్‌లో (దాని కింది స్థాయి లీగ్) ఆడుతుంటాడు! డొమినిక్ హాషెక్‌ని 1983లో పదో రౌండ్‌లో తీసుకుంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో దిగింది 1990-91 సీజన్లో, ఆ తర్వాత 1997, 1998లో వరసగా హార్ట్ ట్రోఫీ (జట్టుకి అత్యంత విలువైన ఆటగాడి అవార్డు), అదీ ఒక గోలీకి (గోల్‌కీపర్‌కి). సరే, ఆయన అప్పటికి చెకొస్లొవేకియాలో ఉన్నాడు, అది వేరే కథ.

నాకు అర్థం కానిది వేవర్స్ అనే నిబంధన. కిందికి (ఏహెచ్‌ఎల్‌కి) పంపే ఆటగాడిని 24 గంటల్లో వేరే జట్టు లాగేసుకోవచ్చు కదా, మరి కొందరు కుర్రాళ్లని మాత్రం ఆ భయమే లేకుండా అటూ ఇటూ తిప్పుతారెందుకు? వయసు, ఆడిన మ్యాచ్‌లు బట్టి మినహాయింపు అంటున్నారు, అది ఎలా లెక్కేస్తారు? కింద ఆడినన్నాళ్లు జీతం కూడా తగ్గుతుందా? తెలిసినవాళ్లు కాస్త ఒక ఉదాహరణతో చెప్పండి ప్లీజ్.